కాలు గుర్తుకే రావట్లేదన్న పేషెంట్: రాడ్ వేసిన కాలికి రోయింగ్ మెషీన్ వాడిన ఒక కేసు

ఈ కేసులో నేను ఆరు వారాలు పొరపాటు పడ్డాను. కాలు బాగుపడుతోందని పేషెంట్ అనుకున్నారు, నేనూ అనుకున్నాను, మెషీన్ మీటరూ అదే చెప్పింది. పొరపాటు ఎక్కడ జరిగిందో తోటి ఫిజియోలకు, ముఖ్యంగా ఇంట్లోనో అపార్ట్‌మెంట్ జిమ్‌లోనో సొంతంగా వ్యాయామం మొదలుపెట్టే పేషెంట్లను చూసేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఆయనకు నలభై దాటాయి. రోజంతా లెక్కలతో గడిచే ఉద్యోగం. వానలో స్కూటర్ జారి పడితే ఎడమకాలి టిబియా (మోకాలి కింద ఉండే పెద్ద ఎముక) సగానికి కాస్త కింద విరిగింది, పక్కనున్న సన్న ఎముకా విరిగింది. చర్మం చీలలేదు. మర్నాడే ఆపరేషన్ చేసి ఎముక లోపలికి రాడ్ దించారు, పైన రెండు, కింద రెండు స్క్రూలు బిగించారు. ఊళ్లో పెద్దవాళ్లు ఆపరేషన్ ఎందుకు, పుత్తూరు కట్టు కట్టిద్దామన్నారట. ఆయన భార్య ఒప్పుకోలేదు.

రాడ్ వేసిన కాలికి ఒక వెసులుబాటు ఉంది. బరువును ఎముకతోపాటు రాడ్ కూడా మోస్తుంది కాబట్టి చాలామందిని తొందరగానే కాలు మోపనిస్తారు. సర్జన్ చీటీలో ‘ఓర్చుకోగలిగినంత బరువు వేయవచ్చు’ అనే ఉంది. ఈయన మాత్రం వేయలేదు. తొమ్మిదో వారంలో మా దగ్గరికి వచ్చేసరికి వాకర్ పట్టుకుని, ఎడమకాలి వేళ్లు మాత్రం నేలకు తగిలించి నడుస్తున్నారు. "లోపల రాడ్ వంగిపోతే మళ్లీ కోస్తారు కదా సార్" అన్నదే ఆయన భయం. మోకాలు 85 డిగ్రీలకు మించి మడవట్లేదు. తొడ చేత్తో పట్టుకుంటే మెత్తగా, పట్టు లేకుండా ఉంది. దానికి తోడు షుగర్. మంచాన పడ్డాక హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 8.4కు వెళ్లింది.

మొదటి మూడు వారాల్లో చేసింది అందరికీ చేసేదే, వివరంగా రాయను. వాకర్ నుంచి చేతికర్రకు మార్చాం, మోకాలు మడత పెంచాం, భయం తగ్గించాం. 12వ వారం ఎక్స్‌రేలో ఎముక నాలుగు వైపుల్లో మూడు వైపులా కొత్త ఎముక కట్టింది. సర్జన్ పూర్తి బరువు వేయమన్నారు. అప్పటికి మోకాలు 112 డిగ్రీలు మడుస్తోంది. చీలమండ మాత్రం బిగుసుకునే ఉంది. గోడకు ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించే పరీక్ష చేయించాను. కుడికాలి బొటనవేలిని గోడకు 10 సెంటీమీటర్ల దూరంలో పెట్టగలిగారు, ఎడమది 3 సెంటీమీటర్లే.

ఎందుకు ఒప్పుకున్నాను

రోయింగ్ మెషీన్, అంటే పడవ తెడ్డు వేసినట్టు కాళ్లతో తన్నుతూ హ్యాండిల్ లాగే మెషీన్, దాని సంగతి ఎత్తింది ఆయనే. వాళ్ల అపార్ట్‌మెంట్ జిమ్‌లో ఒకటుంది. ముందు ఫ్యాన్ ఉండి, లాగే కొద్దీ గాలి కొట్టే రకం. ఎవరూ వాడక, తువ్వాళ్లు ఆరేసుకునే దండెంగా మారిందట. జిమ్‌లోని సైకిల్ పెడల్ విరిగిపోయి ఉంది, ట్రెడ్‌మిల్ ఆయన ఎక్కరు. షుగర్ కోసం చెమట పట్టే పని ఏదో ఒకటి కావాలి. కుంటుతూ నడిచే నడకతో ఆ మోతాదు రావడం లేదు.

సాధారణంగా ఈ దశలో నేను స్టాటిక్ సైకిలే చెబుతాను. మరి రోయింగ్‌కు ఎందుకు ఒప్పుకున్నానంటే, సైకిల్ పెడల్ తిరిగే చుట్టు మారదు. సీటు ఎత్తు ఒకసారి పెట్టాక ప్రతి చుట్టులోనూ మోకాలు అంత మడవాల్సిందే. రోయింగ్‌లో సీటు పట్టాల మీద జారుతుంది, ఎంత ముందుకు రావాలో మనిషి చేతిలో ఉంటుంది. మోకాలు 90 దగ్గరే ఆగాలంటే అక్కడే ఆగవచ్చు. ఒంటి బరువు సీటు మీద ఉంటుంది, కాలికి ఎగిరి దిగే దెబ్బ ఉండదు.

అయితే సురక్షితం అని చెప్పుకునే ఈ కారణాలే దాని లోపాలు కూడా. ఒంటి బరువు కాలి మీద పడకపోతే ఎముకకు కావలసిన ఒత్తిడి కూడా అందదు. అందుకే మొదటి రోజే ఒక షరతు పెట్టాను: మెషీన్ నడకకు బదులు కాదు, నడక అయ్యాకే మెషీన్. పాదాల స్పర్శ కూడా చూశాను. షుగర్ ఉన్నవాళ్ల పాదానికి, దాన్ని మెషీన్‌కు బిగించే స్ట్రాప్ ఒరుసుకున్నా తెలియకపోవచ్చు. స్పర్శ బాగానే ఉంది. అయినా మందపాటి సాక్సు, గట్టి షూ లేకుండా ఎక్కవద్దన్నాను.

మొదటి దెబ్బ

13వ వారంలో ఆయనతోపాటు జిమ్‌కు వెళ్లి పది నిమిషాలు చేయించాను. ఎక్కడం దిగడమే ఒక వ్యాయామం అయింది. సీటు మామూలు కుర్చీకంటే బాగా కిందికి ఉంటుంది, పైగా కూర్చోబోతే జారిపోతుంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి, సీటును ఒక చేత్తో పట్టుకుని కూర్చోవడం నేర్పాను. అంతా బాగుంది. ఆయన ముఖంలో చాలా రోజుల తర్వాత సంతోషం చూశాను.

రెండో రోజు ఆయన ఒక్కరే వెళ్లారు. ఫ్యాన్ పక్కనున్న డ్యాంపర్ మీట (ఫ్యాన్‌లోకి ఎంత గాలి వెళ్లాలో మార్చేది) 10లో పెట్టుకున్నారు, అంకె పెద్దదైతే ఫలితం ఎక్కువని. ఇరవై నిమిషాలు, సీటు మడమలకు తగిలేదాకా ముందుకు వచ్చి మరీ లాగారు. మూడో రోజు పొద్దున మోకాలి చుట్టుకొలత 1.5 సెంటీమీటర్లు పెరిగింది. చిప్ప కింద, రాడ్ దించిన గాటు చోట, వేలు పెట్టనివ్వలేదు.

ఆ చోట నొప్పి ఊహించనిది కాదు. టిబియా రాడ్ వేసినవాళ్లలో చాలామందికి మోకాలి ముందు భాగం నొప్పి ఉంటుంది, మోకాళ్ల మీద కూర్చుంటే మరీను. ఆయన చేసిన రెండు పనులూ సరిగ్గా అక్కడే పడ్డాయి. సీటు బాగా ముందుకు వస్తే మోకాలు మడిచినంతా మడుస్తుంది. డ్యాంపర్ 10లో ఉంటే ఫ్యాన్‌లోకి గాలి ఎక్కువ వెళ్లి, రెండు లాగుళ్ల మధ్య చక్రం తొందరగా నెమ్మదిస్తుంది. మళ్లీ లాగేటప్పుడు మొదటి క్షణంలోనే బరువంతా మీద పడుతుంది, అదీ మోకాలు పూర్తిగా మడిచి ఉన్నప్పుడు. డ్యాంపర్ జిమ్‌లో పేర్చుకునే ఇనుప పలకల లాంటిది కాదు, సైకిల్ గేరు లాంటిది. ఎంత కష్టపడాలన్నది ఎంత గట్టిగా తన్నుతామన్న దాన్నిబట్టే ఉంటుంది. నేనిది ముందే చెప్పాల్సింది, చెప్పలేదు.

ఐదు రోజులు మెషీన్ ఆపించాను. తర్వాత డ్యాంపర్ 3 దగ్గర పెట్టి, కదల్చకుండా మీట మీద టేపు అతికించాను. పట్టాల మీద కూడా ఎలక్ట్రీషియన్లు వాడే ఎర్ర టేపు ముక్క ఒకటి వేశాను, మోకాలు 90 డిగ్రీలు మడిచే చోట. సీటు చక్రం టేపు దాటకూడదు. నిమిషానికి 18 నుంచి 20 స్ట్రోకులు, అంతకు మించొద్దు. మర్నాడు పొద్దున్నకి నొప్పి, వాపు ఎప్పటిలా ఉంటే కొనసాగించాలి, లేకపోతే సగానికి తగ్గించాలి. లెక్కల మనిషి కదా, గీత అంటే గీతే. టేపును వారానికి ఒక వేలు వెడల్పు చొప్పున ముందుకు జరుపుతూ వచ్చాం.

ఇంకో చిన్న సంగతి. కొన్నాళ్లకు కాలి ముందు వైపు, కింది స్క్రూల పైన, నొప్పి అన్నారు. చూస్తే, తిరిగి ముందుకు వచ్చేటప్పుడు పాదాలతో స్ట్రాపులను లాక్కుంటూ వస్తున్నారు. పాదాన్ని పైకి లేపే కండరం అక్కడే పనిచేస్తుంది. స్ట్రాపులు వదులు చేస్తే నాలుగు రోజుల్లో పోయింది. 17వ వారంలో పిక్క నొప్పి, కొంచెం వాపు వచ్చాయి. ఇది మాత్రం స్ట్రాపుల మీదికి నెట్టే పని కాదు. కాలి ఆపరేషన్, వారాల తరబడి కదలకపోవడం, పైన పిక్క వాపు, ఈ మూడూ కలిస్తే రక్తనాళంలో గడ్డ ఉందేమోనని చూడాల్సిందే. ఆ రోజు మసాజూ లేదు, మెషీనూ లేదు. అప్పటికప్పుడు డాప్లర్‌కు (రక్తనాళాల స్కాన్‌కు) పంపాను. గడ్డ లేదని తేలాకే మళ్లీ మొదలుపెట్టాం.

నేను మోసపోయిన ఆరు వారాలు

15 నుంచి 20వ వారం దాకా అంతా పండగే. ఆయన ఒక చిన్న నోట్‌బుక్ పెట్టారు. తేదీ, నిమిషాలు, 500 మీటర్లకు పట్టిన సమయం, పొద్దున షుగర్, అన్నీ గళ్లు గీసి రాసేవారు. 500 మీటర్లకు మొదట 3:05 పట్టేది. ఆరు వారాలకు 2:35కు దిగింది. వాట్లలో చెబితే 55 నుంచి 94. నొప్పి లేదు. మోకాలు 124 డిగ్రీలు. "సార్, దీని మీద కూర్చుంటే దెబ్బ తగిలిన కాలు ఉన్నట్టే గుర్తుండట్లేదు" అన్నారొక రోజు. నేను నవ్వి, భుజం తట్టాను. ఆ మాటను ఆ రోజే పట్టుకోవాల్సింది.

ఎందుకంటే కుంటు పోలేదు. జిమ్‌లో అంత చేసే మనిషి మెట్లు దిగేటప్పుడు ఇంకా ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెడుతున్నారు. చిప్ప పైనుంచి 15 సెంటీమీటర్ల దగ్గర తొడ కొలిస్తే 13వ వారంలో రెండు కాళ్ల మధ్య 3 సెంటీమీటర్ల తేడా ఉండేది. ఇప్పుడూ 3 సెంటీమీటర్లే. టేపు తప్పుగా పట్టానేమోనని మళ్లీ కొలిచాను. అదే.

మొదట నాకు తట్టిన సమాధానం: రోయింగ్‌లో కాలు తన్నడం ఉంది కానీ బరువును ఆపుకుంటూ దిగడం లేదు. తిరిగి వచ్చేటప్పుడు సీటు ఊరికే జారుతుంది, కండరం మీద భారం ఉండదు. మెట్లు దిగడమంటే తొడ కండరం సాగుతూ బరువు ఆపడం. మెషీన్ నేర్పని పని ఇంటి మెట్ల మీద ఎలా వస్తుంది? ఇది నిజమే, కానీ సగం నిజం. దిగడం రాకపోవడానికి కారణం దొరికింది. తొడ ఒక్క పిసరు కూడా లావెక్కకపోవడానికి దొరకలేదు. తన్నే కండరమైనా పెరగాలి కదా.

అప్పుడు పాత ముల్లు కాటాలు రెండు తెప్పించాను. డిజిటల్‌వి అంకె నిలబెట్టేలోపు సమయం దాటిపోతుంది, ముల్లు ఎప్పటికప్పుడు చూపిస్తుంది. కుర్చీ ముందు పక్కపక్కన పెట్టి, ఒక్కో పాదం ఒక్కో కాటా మీద ఉంచి లేవమన్నాను. పిరుదులు కుర్చీని వదిలిన చోట రెండు క్షణాలు ఆగమన్నాను. కుడి కాటా మీద 51, ఎడమ మీద 27. మొత్తం 78 కిలోల మనిషి మూడింట రెండు వంతులు కుడికాలితో లేస్తున్నారు, అదీ తనకు తెలియకుండానే.

మర్నాడు జిమ్‌కు వెళ్లి వెనక నేల మీద కూర్చుని చూశాను. ఆయన ట్రాక్ ప్యాంటు వెనక నడుము దగ్గర తెల్లని కుట్టు గీత ఒకటి ఉంది. తన్నిన ప్రతిసారీ ఆ గీత కుడివైపు కిందికి వాలుతోంది. సగం దూరం తన్నిన చోట ఆపి, హ్యాండిల్ వదలకుండా అలాగే నొక్కి ఉంచమన్నాను. ఆ స్థితిలో రెండు మడమలూ ఫుట్‌ప్లేటుకు అతుక్కుని ఉండాలి. కుడి మడమ కింద నా గోరు కూడా దూరలేదు. ఎడమ మడమ కింద రెండు వేళ్లు హాయిగా దూరాయి.

హుస్సేన్ సాగర్‌లో రోయింగ్ ప్రాక్టీసు చూసినవాళ్లకు తెలుసు, అది చేతుల కంటే కాళ్ల పని. కానీ మెషీన్‌కు హ్యాండిల్ ఒక్కటే, గొలుసు ఒక్కటే, మీటరు ఒక్కటే. గొలుసును ఎంత బలంతో లాగారో అది చెబుతుంది, ఏ కాలు తన్నిందో చెప్పదు. 55 నుంచి 94 వాట్లకు వెళ్లింది ఆయన కుడికాలు, నడుము. ఆరు వారాలు నేను మంచి కాలికి ట్రైనింగ్ ఇచ్చాను. కాలు గుర్తుకు రావట్లేదని ఆయన అన్నది అక్షరాలా నిజం.

సిలిండర్ ట్రాలీ

ఎడమకాలితో ఎక్కువ తన్నమని చెప్పి చూశాను. పది స్ట్రోకుల దాకా గుర్తుంటుంది, ఊపు అందుకున్నాక మళ్లీ కుడివైపే. రెండు కాళ్లూ ఒకే ఫుట్‌ప్లేటు మీద ఉన్నంతసేపు ఇది మాటలతో అయ్యే పని కాదు. ఎడమకాలు ఒక్కటే పనిచేయాలి. మరి కుడికాలిని ఎక్కడ పెట్టాలి? పక్కన నేల మీద పెడితే నేలను తన్నుతుంది. స్టూలు మీద పెడితే స్టూలును తన్నుతుంది.

పరిష్కారం వాళ్ల వంటింట్లో దొరికింది. గ్యాస్ సిలిండర్ కింద పెట్టే గుండ్రటి చక్రాల ట్రాలీ. దాని మీద పాత తువ్వాలు మడిచి, కుడి మడమ పెట్టించాను. టైల్స్ నేల మీద సీటుతోపాటే అదీ ముందుకూ వెనక్కూ పోతుంది. కుడికాలితో తన్నబోతే జారిపోతుంది, ఆనుకోవడానికి ఏమీ దొరకదు. దొంగతనానికి దారి లేకుండా పోయింది.

దీనికి ముందు సర్జన్‌తో మాట్లాడాను. రెండు కాళ్ల పని ఒక్క కాలి మీద వేస్తున్నాం కాబట్టి ఆయన మాట లేకుండా మొదలుపెట్టే పని కాదు. 20వ వారం ఎక్స్‌రే చూసి, ఎముక గట్టిగా అతుక్కుంది, చేయించండి అన్నారు. మెల్లగా లాగితే కాలి మీద పడే బలం నడిచేటప్పుడు పడే దానికంటే తక్కువే. అయినా డ్యాంపర్ 2కు దించాను, ఎర్ర టేపు రెండు వేళ్లు వెనక్కి జరిపాను. పది స్ట్రోకులు, ఒక నిమిషం విరామం, అలా ఐదు విడతలు.

ఇక్కడ మీటరు మొదటిసారి నాకు పనికొచ్చింది. ఒకే వేగంతో ఒక్కో కాలితో విడివిడిగా చేయించాను. కుడికాలు 58 వాట్లు, ఎడమకాలు 31. చేతులు, నడుము రెండుసార్లూ ఒకటే కాబట్టి తేడా అంతా కాలిదే. ఆయన నోట్‌బుక్ తీసి రెండు కొత్త గళ్లు గీశారు, ‘కు’ అని ఒకటి, ‘ఎ’ అని ఒకటి. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇన్నాళ్లూ జాయింట్ అకౌంట్ చూసి మురిసిపోయాం సార్" అన్నారు. ఇంతకంటే బాగా నేను చెప్పలేను.

మొదటి వారం ఎడమ తొడ వణికేది. రెండో వారంలో ఆయన విసుగుతో మానేస్తానన్నారు, 20 నిమిషాలు చెమట పట్టే వ్యాయామం పోయి 50 స్ట్రోకులు మిగిలాయని. అది న్యాయమైన ఫిర్యాదే, షుగర్ సంగతి నేను పక్కన పెట్టేశాను. అందుకని ఒంటికాలి విడతలు ముందు చేసి, ఆ తర్వాత రెండు కాళ్లతో పదిహేను నిమిషాలు చేసేలా మార్చాం. ఈ వరసకు కారణం ఉంది. రెండు కాళ్లవి ముందు చేస్తే అలసిన ఎడమకాలు మళ్లీ కుడికాలి చాటున దాక్కుంటుంది.

మెట్ల పని మెషీన్‌కు వదల్లేదు. 10 సెంటీమీటర్ల ఎత్తు నుంచి మొదలుపెట్టి, ఎడమకాలి మీద నిలబడి కుడి మడమను నేలకు తాకించి లేపడం రోజు విడిచి రోజు చేయించాను. పిక్కకు ఒంటికాలి మీద మడమలు లేపడం. రోయింగ్‌తో పిక్కకు అందేది తక్కువ, ఆ లోటు వేరే పూడ్చాలి.

30వ వారం

ఒంటికాలితో కుడి 57, ఎడమ 49 వాట్లు. కాటాల మీద 38, 36 (బరువు 74కు దిగింది). తొడల తేడా ఒక సెంటీమీటరు. మోకాలు 132 డిగ్రీలు. గోడ పరీక్షలో ఎడమకాలు 3 నుంచి 8 సెంటీమీటర్లకు వచ్చింది. చేతికర్ర వదిలేశారు, మెట్లు మామూలుగా దిగుతున్నారు. హెచ్‌బీఏ1సీ 7.2 వచ్చింది కానీ మధ్యలో డాక్టర్ మందులు మార్చారు, ఆ ఘనత మెషీన్‌కు ఇవ్వను.

మోకాళ్ల మీద కూర్చుంటే చిప్ప కింద నొప్పి అలాగే ఉంది. పూజ దగ్గర ఇప్పటికీ స్టూలే. రాడ్ తీయించుకుంటే పోతుందా అని అడిగారు. కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు, సర్జన్‌తో మాట్లాడండి అని చెప్పాను.

ఈ కేసు తర్వాత మా క్లినిక్‌లో కొన్ని మారాయి. కాలి దెబ్బతో వచ్చినవాళ్లు సైకిల్ తొక్కినా, రోయింగ్ చేసినా మొదటి వారంలోనే కాటాల పరీక్ష పెడుతున్నాను. రెండు కాళ్లతో చేసిన అంకెను ఫైల్లో రాయడం మానేశాం, విడివిడిగా ఉంటేనే రాస్తాం. అన్నిటికంటే నా చెవి మారింది. నొప్పి లేదు అన్నప్పుడు నొప్పి తగ్గిందా, కాలే వాడట్లేదా అని రెండో ప్రశ్న వేస్తున్నాను.

ట్రాలీ ఒక నెలపాటు జిమ్‌లోనే ఉంది. కొత్త సిలిండర్ వచ్చిన రోజు ఆయన భార్య ఫోన్ చేసి, "మా ట్రాలీ ఇంకెన్నాళ్లు కావాలండీ" అని అడిగారు. ఆ సాయంత్రమే ఆయన దాన్ని చంకలో పెట్టుకుని, మెట్ల మీదుగా ఇంటికి తీసుకెళ్లారు.